మోంట్ బ్లాంక్ చుట్టూ విడిది నుంచి విడిదికి: ఇద్దరే నడిచే దంపతులకు సమగ్ర మార్గదర్శి

మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మీదుగా సాగే కాలిబాట పొడవు సుమారు 170 కిలోమీటర్లు. దారిలో ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 10,000 మీటర్లు అవుతుంది. గైడు లేకుండా భార్యాభర్తలిద్దరే, ప్రతి రాత్రీ కొండ విడిదిలో బస చేస్తూ ఈ దారిని ఎలా పూర్తి చేయవచ్చని చాలామంది అడుగుతున్నారు. వారి కోసం చేయవలసిన పనులను చేయవలసిన వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా ఒక సూత్రం చెప్పాలి. ఈ ప్రయాణంలో సాయంత్రం విడిదికి చేరే సమయం స్థిరం. మిగిలినవన్నీ దాని నుంచి వెనక్కి లెక్క వేసుకోవలసినవే. సాయంత్రం 4 గంటలకల్లా ఇద్దరూ విడిది గుమ్మంలో ఉండాలంటే పొద్దున ఎన్నింటికి బయలుదేరాలి, బ్యాగు ఎంత బరువుండాలి, ఏ ఊళ్లో ఆగాలి, ఏ నెలలో వెళ్లాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ లెక్కలోనే జవాబు ఉంది.

1. ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవారి వేగాన్ని మొదట కొలవండి

చాలామంది ముందు విమాన టికెట్లు కొంటారు, ఆ తరువాత విడిదులు వెతుకుతారు, చివర్లో నడక సాధన మొదలుపెడతారు. ఈ వరుసను తిరగేయాలి. మీ ఇద్దరూ గంటకు ఎంత ఎత్తు ఎక్కగలరో తెలియకుండా ఏ రాత్రి ఎక్కడ ఆగాలో నిర్ణయించలేరు. అది నిర్ణయించకుండా బుకింగ్ చేయలేరు. బుకింగ్ లేకుండా వీసా దరఖాస్తు నిలవదు.

కొలిచే పద్ధతి సులువే. ఒక్కొక్కరు 7 కిలోల బ్యాగు వీపున వేసుకుని, ఆగకుండా మాట్లాడుకోగలిగినంత వేగంతో ఒక గంట పైకి ఎక్కండి. కొండ అందుబాటులో లేకపోతే అపార్ట్‌మెంటు మెట్లు చాలు: మెట్టు ఎత్తును కొలిచి, ఎక్కిన మెట్ల సంఖ్యతో గుణిస్తే ఎత్తు వస్తుంది. గంటకు 300 మీటర్లు ఎక్కగలిగితే ఈ మార్గానికి సరిపోతుంది. ఇద్దరి అంకెలూ వేరుగా వస్తే తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

తిరుమలకు అలిపిరి మెట్ల దారిలో నడిచినవారికి ఒక అంచనా ఇప్పటికే ఉంటుంది. అక్కడ 3,550 మెట్లు ఎక్కుతాం. మోంట్ బ్లాంక్ మార్గాన్ని 11 రోజులకు విభజిస్తే రోజుకు సగటున వచ్చే 900 మీటర్ల ఎక్కుడు దానికంటే ఎక్కువ. అయితే మెట్ల దారిలో పైకి వెళ్లినవారిలో చాలామంది బస్సులో దిగుతారు. ఇక్కడ ఎక్కినంతా కాళ్లతోనే దిగాలి, మరునాడు మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు నొప్పిపెట్టేది దిగేటప్పుడే కాబట్టి సాధనలో దిగడాన్ని ఎన్నడూ వదలకండి. లిఫ్టులో కిందికి వచ్చి మళ్లీ మెట్లెక్కడం సగం సాధన మాత్రమే.

ప్రయాణానికి నాలుగు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు మెట్లు, ఒక రోజు బ్యాగుతో నాలుగైదు గంటల నడక పెట్టుకోండి. చివరి నెలలో వరుసగా రెండు రోజులు ఎక్కువసేపు నడవండి. అలసిన కాళ్లతో మరునాడు పొద్దున ఎలా ఉంటుందో తెలిసేది ఆ రెండో రోజే.

2. నెలను ఎంచుకోండి

మార్గంలోని విడిదులు సాధారణంగా జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు తెరిచి ఉంటాయి. ఆ మూడు నెలల్లోనూ నేల ఒకేలా ఉండదు.

జూన్ రెండో సగంలో కనుమల మీద మంచు పరుపులు ఇంకా మిగిలి ఉంటాయి. మంచు మీద నడిచే అనుభూతి కోరుకునేవారికి ఇదే సమయం. అయితే 2,300 మీటర్లకు పైన కొన్ని చోట్ల కాలిబాటే కనిపించకపోవచ్చు. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు దారి తేటగా ఉంటుంది. దాంతోపాటు జనమూ, మధ్యాహ్నపు ఉరుములూ ఎక్కువే. సెప్టెంబరు మొదటి సగంలో రద్దీ తగ్గి గాలి తేటపడుతుంది, కానీ పగలు కురచవుతుంది, ఒక్క రాత్రిలో కొత్త మంచు పడే అవకాశమూ ఉంది.

మంచు కొండల్లో తొలిసారి నడిచే దంపతులకు నా సలహా జూలై మొదటి రెండు వారాలు. ఎత్తైన కనుమల దగ్గర మంచు పరుపులు సాధారణంగా అక్కడక్కడా మిగిలి ఉంటాయి. వాటిని దాటడానికి మంచు గొడ్డలి వంటి పరికరాలు చాలా ఏళ్లలో అవసరం కావు. బయలుదేరే వారంలో ఫ్రాన్స్ వైపున్న షామొనీ పట్టణంలోని పర్వత సమాచార కార్యాలయంలో కనుమల పరిస్థితిని అడిగి తీరాలి. ఆ ఏడాది మంచు గొడ్డలి కావాలని అక్కడివారు చెబితే, దాన్ని వాడటం రానివారు ఆ కనుమకు వెళ్లకూడదు. లోయలో బస్సు పట్టుకుని తరువాతి ఊరికి చేరాలి.

ఇక్కడి అత్యంత ఎత్తైన స్థలాలు 2,665 మీటర్లే, పడుకునే చోట్లు 2,450 మీటర్ల లోపే. లద్దాఖ్ వంటి చోట్ల ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు భయపడినంతగా ఇక్కడ భయపడనవసరం లేదు.

3. దారిని రోజులుగా విభజించండి

ఎక్కువమంది అపసవ్య దిశలో నడుస్తారు. ఫ్రాన్స్‌లోని లెజూష్ ఊరి నుంచి మొదలుపెట్టి 11 రోజులకు చేసే విభజన ఇది:

- లెజూష్ నుంచి లే కొంటమీన్
- లే కొంటమీన్ నుంచి బొనోమ్ కనుమ మీదుగా లే షాపియు
- లే షాపియు నుంచి సేన్యె కనుమ (2,516 మీ.) దాటి ఇటలీలోని ఎలిజబెట్టా విడిది
- ఎలిజబెట్టా నుంచి కూర్మయ్యూర్ పట్టణం
- కూర్మయ్యూర్ నుంచి బొనాట్టి విడిది
- బొనాట్టి నుంచి గ్రాన్ కొల్ ఫెర్రే కనుమ (2,537 మీ.) దాటి స్విట్జర్లాండ్‌లోని లా ఫూలీ
- లా ఫూలీ నుంచి షాంపే
- షాంపే నుంచి బొవీన్ మీదుగా ట్రియాన్
- ట్రియాన్ నుంచి బాల్మ్ కనుమ దాటి మళ్లీ ఫ్రాన్స్‌లోని ట్రే లె షాం
- ట్రే లె షాం నుంచి లా ఫ్లెజేర్
- లా ఫ్లెజేర్ నుంచి బ్రెవాన్ శిఖరం (2,525 మీ.) మీదుగా లెజూష్

గంటకు 300 మీటర్లు కష్టమనిపించేవారు రెండో రోజును విడగొట్టాలి. ఆ రోజు లే షాపియు వరకు దిగకుండా 2,443 మీటర్ల దగ్గర ఉన్న క్రువా ద్యూ బొనోమ్ విడిదిలోనే ఆగవచ్చు. కూర్మయ్యూర్‌లో ఒక పూర్తి విశ్రాంతి రోజు పెట్టుకోండి. బట్టలు ఉతుక్కోవడానికి, మోకాళ్లు కోలుకోవడానికి, వాన వల్ల తప్పిన రోజును సర్దుకోవడానికి అది పనికొస్తుంది. ట్రియాన్‌కు వెళ్లడానికి ఫెనెత్ర్ దార్పెట్ అనే మరో ఎత్తైన దారి ఉంది. రాళ్ల గుట్టల మీదుగా నిటారుగా సాగే ఆ దారిని మంచు ఉన్నప్పుడూ వాన ఉన్నప్పుడూ వదిలేసి బొవీన్ దారినే పట్టాలి.

ట్రే లె షాం దాటాక దారిలో నిలువు రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు వస్తాయి. ఇద్దరిలో ఎవరికైనా ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగేటట్లయితే, నిచ్చెనలు లేని ప్రత్యామ్నాయ దారిని ఇంట్లో ఉండగానే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. నిచ్చెన కిందికి చేరాక చర్చించుకోవడం మంచిది కాదు.

4. విడిదులను బుక్ చేయండి

వేసవి బుకింగులు అంతకుముందు శరదృతువు నుంచే ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. జనవరి గడిచాక ఎలిజబెట్టా, బొనాట్టి వంటి చోట్ల వరుస తేదీలు దొరకడం కష్టం. కాబట్టి మంచాలు తక్కువగా ఉన్న విడిదులను ముందు పట్టుకుని, వాటి తేదీల ప్రకారం కూర్మయ్యూర్, షాంపే వంటి ఊళ్లలోని బసలను తరువాత అమర్చుకోవాలి. ఊళ్లలో హోటళ్లు అనేకం ఉంటాయి. కొండమీద ఉండేది ఒక్కటే.

ఇద్దరే కావడం ఇక్కడ మీకు లాభం. ఆరుగురి గుంపుకు చోటు లేదన్న విడిదిలో రెండు మంచాలు తరచుగా దొరుకుతాయి. ఇద్దరికే ప్రత్యేక గది మాత్రం అరుదు. డార్మిటరీలో పక్కపక్కన రెండు పరుపులు దొరికితే అదే మంచి ఏర్పాటు. ఏకాంతం కావాలనుకునే రాత్రులను ఊళ్లలోని హోటళ్లకు ఉంచుకోండి.

బస, రాత్రి భోజనం, పొద్దుటి అల్పాహారం కలిపిన ధరనే ఎక్కువ విడిదులు చెబుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో డార్మిటరీలో ఒక్కొక్కరికి ఇది సుమారు 60 నుంచి 100 యూరోల మధ్య ఉంటోంది. స్విట్జర్లాండ్ వైపు ఎక్కువ. ఈ మార్గంలో చాలా భాగంలో ఇష్టమొచ్చిన చోట గుడారం వేయడానికి అనుమతి లేదు. అందువల్ల “చోటు లేకపోతే అప్పుడు చూద్దాం” అనే ధీమా ఇక్కడ చెల్లదు.

బుకింగ్‌లో సరిచూసుకోవలసినవి:

- ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉన్నాయా
- శాకాహారమైతే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పారా
- అడ్వాన్సు ఎంత, ఎప్పటిలోగా రద్దు చేస్తే తిరిగి వస్తుంది
- కార్డు తీసుకుంటారా, నగదు మాత్రమేనా
- ఎన్ని గంటలలోపు చేరాలి, ఆలస్యమైతే ఏ నంబరుకు ఫోను చేయాలి

5. వీసా, బీమా

మూడు దేశాలూ షెంగెన్ పరిధిలోనివే కాబట్టి ఒకే వీసా చాలు. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. పై విభజనలో ఇటలీకి మూడు రాత్రులు, స్విట్జర్లాండ్‌కు మూడు రాత్రులు వస్తాయి. నడకకు ముందూ తరువాతా షామొనీలో ఉండే రాత్రులను కలుపుకుంటే ఫ్రాన్స్‌దే పైచేయి. కూర్మయ్యూర్‌లో విశ్రాంతి రోజు చేర్చితే లెక్క మళ్లీ సరిచూసుకోండి. విమానం స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో దిగినా ఫ్రాన్స్ ఇచ్చిన వీసా చెల్లుతుంది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. మూడు దేశాల్లో పది చోట్ల బస కనిపించే ఫైలును చూసే అధికారికి గందరగోళం కలగకుండా, తేదీ, ఊరు, దేశం, బస పేరు, బుకింగ్ నంబరు ఉన్న ఒకే పేజీ పట్టికను అన్నిటికంటే పైన పెట్టండి. బుకింగ్ ఒకరి పేరుతోనే ఉంటే రెండోవారి పేరు కూడా కనిపించే ధ్రువీకరణ తెప్పించుకోండి. ఇద్దరి దరఖాస్తులూ వేరు వేరు ఫైళ్లు కాబట్టి ప్రతి కాగితం రెండు ప్రతులు ఉండాలి.

వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ ఒక్క నిబంధన తీరేలా కొన్న పాలసీ కొండల్లో పనికిరాకపోవచ్చు. పాలసీ పత్రంలో మూడు సంగతులు చదవండి: 3,000 మీటర్ల ఎత్తు వరకు కాలినడకకు వర్తిస్తుందా, గాలింపుకూ హెలికాప్టర్‌లో తరలింపుకూ అయ్యే ఖర్చు ఇస్తుందా, మూడు దేశాల పేర్లూ అందులో ఉన్నాయా. మాటతో చెప్పిన హామీని నమ్మకండి; పత్రంలో వాక్యం కనిపించాలి.

6. బ్యాగు సర్దండి

నీళ్లతో కలిపి ఒక్కొక్కరి బ్యాగు 7 నుంచి 9 కిలోలు దాటకూడదు. విడిదిలో పరుపు, దుప్పటి, భోజనం ఉంటాయి కాబట్టి గుడారం, స్టవ్, మందపాటి స్లీపింగ్ బ్యాగ్ అక్కరలేదు.

ఇద్దరూ విడివిడిగా మోయవలసినవి:

- వాన ఆపే జాకెట్, ప్యాంటు, వెచ్చటి పైచొక్కా, టోపీ, చేతి తొడుగులు
- ఉన్ని లేదా సింథటిక్ లోచొక్కాలు రెండు. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబరుస్తుంది
- చీలమండను కప్పే బూట్లు, కనీసం 100 కిలోమీటర్లు నడిచి అలవాటు చేసుకున్నవి
- మూడు జతల సాక్సులు, రెండు ట్రెక్కింగ్ కర్రలు
- మంచు మీద పట్టు కోసం బూట్లకు తొడిగే చిన్న ఇనుప ముళ్లు (మైక్రోస్పైక్స్), జూలై మధ్యలోపు వెళ్లేవారికి
- సిల్కు లేదా పల్చటి కాటన్ స్లీపింగ్ లైనర్ (లోపల దూరి పడుకునే పల్చటి సంచి). విడిదుల్లో ఇది తప్పనిసరి
- 2 లీటర్ల నీటి సీసాలు, తలకు కట్టుకునే టార్చి, విజిల్
- 3 లేదా 4వ కేటగిరీ నల్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము
- సొంత పాస్‌పోర్టు, కొంత నగదు, బీమా ప్రతి

పంచుకోదగినవి: మందుల సంచి, పవర్ బ్యాంకు, కాగితపు మ్యాపు, సబ్బు, టూత్‌పేస్టు, కత్తెర.

పాస్‌పోర్టులు రెండూ ఒకే బ్యాగులో, యూరోలన్నీ ఒకే పర్సులో పెట్టడం దంపతులు సర్వసాధారణంగా చేసే పని. దారిలో విడిపోయినా, ఒక బ్యాగు పోయినా ఇద్దరూ ఇబ్బందిపడతారు. సగం సగం చేయండి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు వాడతారు. కొండమీద యూరోలు తీసుకున్నా మారకం లాభంగా ఉండదు. ఫోను రోమింగ్ ప్యాకు కొనేటప్పుడు స్విట్జర్లాండ్ అందులో ఉందో లేదో చూడండి. యూరోపియన్ యూనియన్‌కు మాత్రమే పనిచేసే ప్యాకులు సరిహద్దు దాటగానే ఆగిపోతాయి. విమానంలో కర్రలను చెక్ ఇన్ సామానులో, పవర్ బ్యాంకును చేతి సంచిలో పెట్టాలి.

ఇంటి నుంచి తినుబండారాలు తీసుకెళ్లేవారు ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. బయటి దేశాల నుంచి మాంసం, పాల ఉత్పత్తులను యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. పాలకోవా, నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచి, వేయించిన పల్లీలు, బెల్లం పల్లీ పట్టీలు, కరివేపాకు పొడి, కందిపొడి వంటివి తీసుకెళ్లండి.

7. రోజు లెక్క వేయండి

ఆల్ప్స్‌లో విస్తృతంగా వాడే లెక్క ఇది. గంటకు 300 మీటర్లు ఎక్కుడు, 500 మీటర్లు దిగుడు, 4 కిలోమీటర్లు సమతల దూరం అనుకోండి. ఎత్తుకు పట్టే కాలాన్ని ఒక అంకెగా, దూరానికి పట్టే కాలాన్ని మరో అంకెగా రాసి, రెంటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపండి.

లే కొంటమీన్ నుంచి క్రువా ద్యూ బొనోమ్ విడిది వరకు ఉదాహరణ చూద్దాం. ఎక్కుడు సుమారు 1,300 మీటర్లు, అంటే 4 గంటల 20 నిమిషాలు. దూరం సుమారు 14 కిలోమీటర్లు, అంటే 3 గంటల 30 నిమిషాలు. అందులో సగం 1 గంట 45 నిమిషాలు. మొత్తం 6 గంటల 5 నిమిషాల నడక. భోజనానికీ, విరామాలకూ 1 గంట 15 నిమిషాలు, మంచు ఉంటే మరో గంట కలపండి. మొత్తం 8 గంటల 20 నిమిషాలు. మధ్యాహ్నం 3:30కి చేరాలంటే పొద్దున 7:10కి నడక మొదలవ్వాలి. ఆ ఊళ్లో అల్పాహారం 7:30కి అయితే, ముందు రాత్రే పొట్లం కట్టి ఇమ్మని అడగాలి.

లక్ష్యాన్ని 3:30గా పెట్టి 4 దాకా వెసులుబాటు ఉంచుకోవడానికి కారణం ఉరుములు. వేసవిలో ఆల్ప్స్ మీద మేఘాలు మధ్యాహ్నం తరువాత పేరుకుంటాయి. పిడుగుల హెచ్చరిక ఉన్న రోజు కనుమను పన్నెండు లోపే దాటేలా మరింత ముందుగా బయలుదేరాలి.

దారిలోని సూచిక బోర్డులు దూరం కాకుండా నడక సమయాన్ని చూపిస్తాయి, అందులో విరామాలు కలిపి ఉండవు. మొదటి రెండు రోజులు బోర్డు చెప్పిన సమయాన్నీ మీకు పట్టిన సమయాన్నీ రాసుకుంటే, మూడో రోజు నుంచి ఏ బోర్డు చూసినా మీ నిష్పత్తితో సరైన గంట చెప్పగలరు. ఫ్రాన్స్‌లో తెలుపు, ఎరుపు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే దారి సరైనది. అవే రంగులు ఇంటూ గుర్తుగా ఉంటే అటు వెళ్లకూడదు. స్విట్జర్లాండ్‌లో తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలు కొండదారిని, నీలం మధ్యలో ఉన్న పట్టీలు అనుభవజ్ఞులకు మాత్రమే తగిన దారిని సూచిస్తాయి.

8. మంచు పరుపులను దాటండి

బొనోమ్ కనుమ (2,329 మీ.) నుంచి క్రువా ద్యూ బొనోమ్ వరకు సాగే అడ్డవాలు మీద మంచు ఆలస్యంగా కరుగుతుంది. ఇలాంటి చోటికి రాగానే కాలు పెట్టకండి. ముందు ఆగి కిందికి చూడండి: ఇక్కడ జారితే ఎక్కడ ఆగుతాం? వాలు మెల్లగా తగ్గి గడ్డినేలలో కలిస్తే పడినా బట్టలు తడుస్తాయంతే. అంచు కిందికి తెగినా, బండలు ఉన్నా, వాగు కనిపించినా అది వేరే సంగతి. మంచు గట్టిగా ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, లేదా మెత్తబడేదాకా ఆగాలి.

రాత్రి గడ్డకట్టిన మంచు తెల్లవారుజామున గాజులా ఉంటుంది. ఎండ తగిలిన గంట, రెండు గంటల తరువాత బూటు ముందుభాగం దిగేంత మెత్తబడుతుంది. మధ్యాహ్నానికి మోకాలిదాకా కూరుకుపోయే స్థితి వస్తుంది. దాటడానికి అనువైనది మధ్యలోని ఆ కొద్ది గంటలే. ఉదయం 7:10 లెక్క ఇక్కడా కలిసి వస్తుంది: ఎక్కి వచ్చేసరికి పదకొండు దాటుతుంది, ఎండ తన పని చేసి ఉంటుంది.

దాటే వరుస:

1. మంచు మొదలయ్యే ముందే పొడి నేల మీద కూర్చుని మైక్రోస్పైక్స్ తొడగండి, చేతి తొడుగులు వేసుకోండి. జారినప్పుడు అరచేతులు గీరుకుపోకుండా కాపాడేవి అవే.
2. కర్రల పట్టీల్లోంచి మణికట్టు బయటికి తీయండి.
3. ఒకరు దాటుతుండగా రెండోవారు నిలబడి చూడాలి. ఇద్దరూ చేతులు పట్టుకుని దాటకూడదు. ఒకరు జారితే రెండోవారినీ లాగేస్తారు.
4. ముందు వెళ్లేవారు బూటు అంచుతో రెండు మూడు సార్లు తన్ని మెట్టు చేయాలి. ఆ మెట్ల దూరం వెనుక వచ్చేవారి అడుగుకు తగినంతే ఉండాలి.
5. బరువు వేసే ముందు కొత్త మెట్టును ఒకసారి నొక్కి చూడండి. ఒంటిని వాలు వైపు వంచకండి, నిటారుగా నిలబడితేనే బూటు పట్టు దొరుకుతుంది.
6. బండల అంచున ఉన్న మంచు లోపల డొల్లగా ఉంటుంది. బండ వెచ్చదనానికి కింద కరిగి పైన పెంకు మిగులుతుంది. అక్కడ పెద్ద అంగ వేసి దాటండి.
7. కాళ్ల కింద నీటి శబ్దం వినిపిస్తే మీరు వాగు మీది మంచు వంతెన మీద ఉన్నట్లే. మెల్లగా వెనక్కి వచ్చి, ఎగువన మంచు లేని చోట వాగు దాటండి.

దిగేటప్పుడు మడమను ముందు గుచ్చాలి. మోకాలు కొద్దిగా వంచి, అడుగులు చిన్నవిగా వేయండి. దూరంలో మరొకరి అడుగుజాడలు కనిపించినంత మాత్రాన దారి అదేనని నమ్మకండి. మ్యాపును ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ఫోనులో దింపుకుని, కాగితపు మ్యాపుతో పోల్చి చూడండి. పొగమంచు కమ్మి తరువాతి గుర్తు కనిపించకపోతే, కనిపించిన చివరి గుర్తు దగ్గర ఒకరు ఆగి, రెండోవారు మాట వినిపించేంత దూరంలోనే వెతకాలి.

9. విడిదికి చేరాక

గుమ్మం పక్కన బూట్ల అర, దాని పక్కన రబ్బరు చెప్పుల బుట్ట ఉంటాయి. తడి బూట్లు అక్కడే విప్పి, కర్రలు కట్టగా పెట్టి, చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లండి. బూట్లలోని లోపలి అడుగుబద్దలు తీసి వేరుగా ఆరబెట్టండి. రెండు జతలు ఒకేలా ఉంటే లేసులకు రంగు దారం కట్టండి, పొద్దున చీకట్లో ఎవరి బూట్లో తెలుస్తుంది.

నిర్వాహకుల దగ్గర పేరు చెప్పగానే మంచం నంబరు, భోజన సమయం చెబుతారు. నల్లుల బెడద వల్ల చాలా విడిదుల్లో బ్యాగులను డార్మిటరీలోకి తీసుకెళ్లనివ్వరు. లైనర్, టార్చి, రాత్రి బట్టలు, మందులు, చెవిలో పెట్టుకునే దూది లేదా ప్లగ్గులు ఒక గుడ్డసంచిలో వేరుగా ఉంటే బ్యాగునంతా నడవాలో గుమ్మరించే పని తప్పుతుంది. వేడినీళ్ల స్నానానికి కొన్ని చోట్ల టోకెన్ కొనాలి, అది కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ముందు చేరినవారికి నీళ్లు వెచ్చగా దొరుకుతాయి. నాలుగింటికి చేరాలనడానికి ఇదీ ఒక కారణం.

భోజనం అందరికీ ఒకేసారి, సాధారణంగా 6:30 లేదా 7 గంటలకు. శాకాహారమంటే అక్కడ జున్ను, గుడ్డు ఉండవచ్చు. గుడ్డు తిననివారు ఆ మాటను విడిగా చెప్పాలి. సూపు, రొట్టె, పప్పుదినుసులు, ఇటలీ వైపు మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా ఎక్కువగా దొరుకుతాయి. మనం తీసుకెళ్లిన పొడిని ఉడికిన బంగాళాదుంపల మీదో, పొలెంటా మీదో చల్లుకుంటే నోటికి హితవుగా ఉంటుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఊరగాయ మాత్రం రెండు సంచుల్లో బిగించి పెట్టండి, పరిమళం డార్మిటరీ అంతా వ్యాపిస్తుంది.

పడుకునే ముందు చేయవలసినవి:

- రేపటి వాతావరణాన్ని నిర్వాహకులను అడగడం. ఫోనులోని అంచనా కంటే వారి మాటకు విలువ ఎక్కువ
- మధ్యాహ్నపు పొట్లం కావాలంటే రాత్రే చెప్పడం
- బాకీ రాత్రే కట్టేయడం
- సీసాలు నింపడం, నీళ్లు తాగదగినవో కాదో బోర్డు చూడటం
- బయలుదేరే గంటను ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం

10 గంటలకు దీపాలు ఆర్పేస్తారు. ఆ తరువాత సంచుల గరగరలు, ఫోను వెలుగులు ఇతరులను ఇబ్బందిపెడతాయి.

10. ఇద్దరి మధ్య ముందే కుదుర్చుకోవలసిన మాటలు

నెమ్మదిగా నడిచేవారు ముందు నడవాలి. వేగంగా నడిచేవారు ముందుకు వెళ్లి మలుపులో ఎదురుచూస్తుంటారు; వెనుకవారు చేరేసరికి వీరి విశ్రాంతి పూర్తవుతుంది, వారికి విశ్రాంతే ఉండదు. రోజంతా ఇలా సాగితే సాయంత్రానికి మాటామాటా పెరుగుతుంది. బలం మిగిలి ఉన్నవారు నీళ్లో, మందుల సంచో ఎక్కువ మోయాలి, ముందు నడవకూడదు.

ఇద్దరిలో ఎవరు “వెనక్కి పోదాం” అన్నా తిరగాలి, వాదన లోయకు చేరాకే. భయాన్ని ఒప్పుకోవడానికి మొహమాటపడే పరిస్థితి కొండమీద ఉండకూడదు. ఈ ఒక్క మాట ఇంటి దగ్గరే ఇచ్చిపుచ్చుకోండి.

మడమ దగ్గర మంటగా అనిపించిన క్షణంలోనే చెప్పాలి. “కనుమ దాటాక చూద్దాం” అనుకుంటే అప్పటికి బొబ్బ లేచి ఉంటుంది. ఆగి, సాక్సు విప్పి, చర్మం ఆరాక టేపు అంటించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పగిలిన బొబ్బ మూడు రోజులు తినేస్తుంది.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

బ్యాగు బరువైంది, భుజాలు పట్టేశాయి: నడుం పట్టీని తుంటి ఎముక మీద బిగించి, భుజం పట్టీలు వదులు చేయండి. అప్పటికీ తగ్గకపోతే కూర్మయ్యూర్ నుంచి అక్కరలేనివి పోస్టులో షామొనీ హోటలుకు పంపేయండి. ఊరి నుంచి ఊరికి సామాను చేర్చే వ్యాన్లు ఉన్నాయి, కానీ అవి రోడ్డు ఉన్న చోటికే వస్తాయి.

దిగుడులో మోకాలు నొప్పి: కర్రలను ఎక్కేటప్పటికంటే అరచేయి వెడల్పంత పొడవు పెంచి, అడుగు కంటే ముందు ఆనించండి. చివరి రోజు బ్రెవాన్ నుంచి లెజూష్‌కు 1,500 మీటర్ల దిగుడు ఉంది. నొప్పి ఉన్నవారు బ్రెవాన్ నుంచి షామొనీకి కేబుల్ కారులో దిగడం తెలివైన పని.

గొర్రెల మందకు కాపలా కాసే పెద్ద తెల్ల కుక్క ఎదురొచ్చింది: ఆగండి, కర్రలు కిందికి దించండి, మెల్లగా మాట్లాడుతూ మందకు దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. పరుగెత్తకండి.

వాన విడవడం లేదు: లా ఫూలీ నుంచి షాంపేకు బస్సు ఉంది, ఇటలీ వైపు లోయల్లోనూ వేసవి బస్సులు నడుస్తాయి. ఒక రోజు బస్సెక్కితే ఎవరూ లెక్క అడగరు. తరువాతి బుకింగులన్నీ నిలబడతాయి.

12. దారి తప్పినా, దెబ్బ తగిలినా

మూడు దేశాల్లోనూ 112 పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఈ దారి సాగే వాలే రాష్ట్రంలో అంబులెన్సుకూ హెలికాప్టర్ సహాయానికీ 144. ఫోనులో ముందు ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు చెప్పండి, తరువాత దెబ్బ సంగతి, ఆపై వాతావరణం. ఫోను సంకేతం లేకపోతే నిమిషానికి ఆరుసార్లు విజిల్ ఊదాలి లేదా టార్చి వెలిగించాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ చేయాలి. అటువైపు నుంచి నిమిషానికి మూడు సంకేతాలు వస్తే మీ సంకేతం అందినట్లు. హెలికాప్టర్ కనిపించినప్పుడు రెండు చేతులూ పైకెత్తితే సహాయం కావాలని. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి ఏటవాలుగా చాచితే అక్కరలేదని అర్థం. హుషారుగా చేయి ఊపడం అపార్థానికి దారి తీస్తుంది.

గాయపడినవారిని ఒంటరిగా వదిలి రెండోవారు సహాయానికి వెళ్లడం చిట్టచివరి మార్గం. వెళ్లక తప్పకపోతే వెచ్చటి బట్టలన్నీ, విజిల్, నీళ్లు వారి దగ్గరే ఉంచి, స్థలాన్ని ఫోనులో గుర్తు పెట్టుకుని, దారిలో ఎదురైన మొదటి మనిషికి ఆ సంగతి చెప్పాలి.

ఏ కారణంతోనైనా ఆ రాత్రి విడిదికి వెళ్లడం లేదని నిశ్చయమైతే, అడ్వాన్సు పోయినా సరే, సాయంత్రంలోగా ఫోను చేసి చెప్పండి. బుక్ చేసుకున్న ఇద్దరు చీకటి పడినా రాకపోతే నిర్వాహకులు రక్షణ దళానికి కబురు పెట్టవచ్చు. మీరు లోయలోని హోటల్లో నిద్రపోతుండగా మరెవరో టార్చీలతో మీకోసం కనుమ ఎక్కుతారు.